ఇంట్లో ఈత కొలను: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరేసరికి బెంగళూరు వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు, యలహంక, దేవనహళ్ళి వైపు విల్లాల్లో ఉంటున్న మన పాఠకుల నుంచి స్విమ్మింగ్ పూల్ మీద ప్రశ్నలు వరసపెట్టి వచ్చాయి. లెక్క తేలిగ్గా అర్థమవడానికి జవాబులన్నిటిలో 40 వేల లీటర్ల కొలనునే తీసుకున్నాం. మీది 20 వేల లీటర్లయితే సగం చేసుకోండి, 60 వేలయితే ఒకటిన్నర రెట్లు.

ప్రశ్న: వెనకాల పూల్ ఉన్న విల్లా కొన్నాం. ఇన్నాళ్ళూ వారానికి రెండుసార్లు ఒకతను వచ్చి రెండు మగ్గుల పౌడర్ చల్లి వెళ్ళేవాడు. ఇప్పుడు మానేశాడు. మేమే చూసుకుందామనుకుంటున్నాం. ఎక్కడ మొదలెట్టాలి? (వైట్‌ఫీల్డ్)

పౌడర్ డబ్బా దగ్గర కాదండీ, టేపు దగ్గర మొదలెట్టండి. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి మూడూ గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి, దాన్ని వెయ్యితో గుణిస్తే లీటర్లు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక చివర మీటరు, రెండో చివర మీటరున్నర లోతు ఉంటే సగటు 1.25. మొత్తం 40 ఘనపు మీటర్లు, అంటే 40 వేల లీటర్లు. ఆ అంకెను పంపు గది తలుపు మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి. రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూసుకున్నా అదే ఆధారం.

ఇక గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే. 1 పీపీఎం అంటే వెయ్యి లీటర్ల నీటికి ఒక గ్రాము. మీ కొలనులో 1 పీపీఎం క్లోరిన్ పెంచాలంటే 40 గ్రాముల అసలు క్లోరిన్ పడాలి. రెండు మగ్గులంటే ఎంతో ఆ వేసినతనికీ తెలియదు. మగ్గు అంచుకు సమంగా నిండితే ఒక లెక్క, గోపురంగా నిండితే ఇంకో లెక్క. వంటింట్లో వాడే డిజిటల్ కాటా లాంటిదే ఇంకొకటి కొని పంపు గదిలో పెట్టుకోండి. వంటింటిది మాత్రం తేవద్దు.

తర్వాత టెస్ట్ కిట్. దుకాణాల్లో చవగ్గా దొరికేది పసుపు రంగు వచ్చే రకం. అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది గానీ అందులో పనిచేసేదెంత, పనైపోయి ఊరికే ఉన్నదెంత అని విడదీయదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనండి. దానిలో ఒకటో నంబరు గోళీ ఫ్రీ క్లోరిన్, అంటే పనిచేసే క్లోరిన్ ఎంతో చెబుతుంది, అదే నీళ్ళలో మూడో నంబరు గోళీ కలిపితే మొత్తం క్లోరిన్ తెలుస్తుంది. నీళ్ళు పట్టేటప్పుడు పైపైన ముంచకండి. సీసాను తలకిందులుగా మోచేతి లోతు దాకా దించి, అక్కడ తిప్పి నింపండి. నీళ్ళు లోపలికొచ్చే గొట్టం దగ్గర్లో పట్టినా తప్పు అంకే వస్తుంది.

ఉండాల్సిన అంకెలు: ఫ్రీ క్లోరిన్ 2 నుంచి 4 పీపీఎం, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.2 నుంచి 7.6, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షారత) 80 నుంచి 120 పీపీఎం, కాల్షియం హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) 200 నుంచి 400 పీపీఎం, సైన్యూరిక్ యాసిడ్ (ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది) 30 నుంచి 50 పీపీఎం. మొదటి రెండూ రోజూ, లేదంటే రోజు విడిచి రోజు చూడాలి. మిగతావి నెలకోసారి చాలు. పీహెచ్‌ను నిర్లక్ష్యం చేయొద్దు. 7.5 దగ్గర మీరు వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం చురుగ్గా ఉంటుంది, 8కి చేరితే నాలుగో వంతే మిగులుతుంది. పీహెచ్ చూడకుండా క్లోరిన్ పోసేవాళ్ళకి ఖర్చు తప్ప ఫలితం కనిపించకపోవడం అందుకే.

పంపు రోజుకు 6 నుంచి 8 గంటలు తిరగాలి, ఆ వ్యవధిలో కొలను నీరంతా ఒక్కసారైనా ఫిల్టర్ గుండా పోవాలి. రోజూ నెట్‌తో ఆకులు తీయడం, స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే గోడ రంధ్రం) బుట్ట దులపడం. వారానికోసారి గోడలు, మెట్లు బ్రష్‌తో రుద్ది వాక్యూమ్ పట్టడం. ఇంతే పని, రోజుకు పావుగంట.

ప్రశ్న: క్లోరిన్ పౌడరా, లిక్విడా, టాబ్లెట్లా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. (సర్జాపూర్ రోడ్డు)

మూడూ క్లోరిన్నే ఇస్తాయి. తేడా అంతా అవి వెనక వదిలిపెట్టే దానిలో ఉంది.

పౌడర్ అంటే మామూలుగా కాల్షియం హైపోక్లోరైట్, 65 శాతం. 1 పీపీఎంకి 62 గ్రాములు. ఇది ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు దాదాపు 7 పీపీఎం కాల్షియం కూడా కలుపుతుంది. మెత్తని కావేరి నీళ్ళు నింపిన కొలనుకు అది మేలే, బోరు నీళ్ళ కొలనుకు మాత్రం అసలే రోగం, పైగా ఉపవాసం అన్నట్టు అవుతుంది.

లిక్విడ్ అంటే సోడియం హైపోక్లోరైట్, 10 శాతం. 1 పీపీఎంకి 400 మిల్లీలీటర్లు. కాల్షియం ఉండదు, సైన్యూరిక్ ఉండదు. లోపం ఒకటే: నిలవ ఉంటే చచ్చుబడుతుంది. ఎండ తగిలే చోట పెట్టిన క్యాన్ కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది. నెలకు సరిపడా మించి కొనకండి, నీడలో మూత బిగించి ఉంచండి.

టాబ్లెట్లు అంటే ట్రైక్లోరో ఐసోసైన్యూరిక్ యాసిడ్ (టీసీసీఏ), 90 శాతం. 1 పీపీఎంకి 45 గ్రాములు. ఒక 200 గ్రాముల బిళ్ళ మీ కొలనులో మెల్లగా కరిగి 4.5 పీపీఎం ఇస్తుంది. సౌకర్యమంతా దీనిలోనే, చిక్కంతా కూడా దీనిలోనే. ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కి 6 పీపీఎం సైన్యూరిక్ యాసిడ్ మిగులుతుంది. సైన్యూరిక్ కొంచెం ఉండటం అవసరమే. అది లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో గంట లోపే సగం క్లోరిన్ ఎగిరిపోతుంది. కానీ అది ఆవిరవదు, ఫిల్టర్‌లో ఆగదు. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలంతా టాబ్లెట్లే వాడితే 60 పీపీఎం క్లోరిన్, దాంతో 36 పీపీఎం సైన్యూరిక్. మూడు నెలలకు వందదాటుతుంది. ఫ్రీ క్లోరిన్ కనీసం సైన్యూరిక్‌లో 7.5 శాతం ఉంటేనే పాచి పట్టకుండా ఆపుతుంది, అంటే 100 దగ్గర 7.5 పీపీఎం నిలబెట్టాలి. కిట్‌లో 3 చూపిస్తున్నా నీళ్ళు పచ్చబడుతున్నాయని వాపోయేవాళ్ళ కొలనుల్లో ఎక్కువసార్లు ఇదే కారణం. విరుగుడు ఒక్కటే, సగం నీళ్ళు తీసేసి కొత్తవి నింపడం. నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో అది చిన్న శిక్ష కాదు.

మా సలహా: రోజువారీ లిక్విడ్, ఊరెళ్ళినప్పుడు టాబ్లెట్లు. పౌడర్ మాత్రం ఒక డబ్బా అత్యవసరానికి.

ఒక హెచ్చరిక, దీన్ని రెండుసార్లు చదవండి. పౌడర్‌నీ టాబ్లెట్లనీ కలపకూడదు. ఒకే గరిటె రెండింటికీ వాడకూడదు, తడి గరిటె అసలే వద్దు. రెండూ కలిస్తే మంట పుడుతుంది, పేలుతుంది కూడా. లిక్విడ్ క్లోరిన్‌లో యాసిడ్ పడితే విషవాయువు లేస్తుంది. యాసిడ్ క్యానూ క్లోరిన్ క్యానూ ఒకే అల్మరాలో పక్కపక్కన పెట్టకండి.

ప్రశ్న: కొలనులో దిగగానే క్లోరిన్ వాసన ఘాటుగా కొడుతోంది, పిల్లల కళ్ళు ఎర్రబడుతున్నాయి. క్లోరిన్ తగ్గించాలా? (మారతహళ్ళి)

పెంచాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇదే నిజం. ఆ ఘాటు వాసన క్లోరిన్‌ది కాదు, చెమట, మూత్రంతో కలిసి చిక్కుపడిపోయిన క్లోరమైన్లది. ఫ్రీ క్లోరిన్ తగినంత ఉన్న కొలనుకు పెద్దగా వాసన ఉండదు.

డీపీడీ కిట్‌తో మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేయండి. మిగిలింది 0.4 దాటితే గట్టి మోతాదు వేయాల్సిందే. మొత్తం 2, ఫ్రీ 1.2 అనుకుందాం, తేడా 0.8. ఆ తేడాకు పది రెట్లు, అంటే 8 పీపీఎం దాకా ఫ్రీ క్లోరిన్ ఒక్కసారిగా పెరగాలి. ఇప్పుడున్నది 1.2 కాబట్టి ఇంకో 7 పీపీఎం కావాలి: 65 శాతం పౌడర్ 430 గ్రాములు, లేదా లిక్విడ్ 2.8 లీటర్లు. పొద్దుగుంకాక వేయండి, రాత్రంతా పంపు తిప్పండి, కొలను కప్పే పట్టా ఉంటే తీసి ఉంచండి. ఫ్రీ క్లోరిన్ 4 లోపుకి దిగేదాకా ఎవరూ దిగకూడదు. కొంచెం కొంచెంగా రోజూ వేస్తే ఈ పని జరగదు, క్లోరమైన్లు ఇంకా పేరుకుంటాయి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే దిగే ముందు స్నానం. మన ఇళ్ళలో ఇంకొకటి ఉంది, తలకు కొబ్బరినూనె. ఆదివారం పొద్దున నూనె పెట్టుకున్న నలుగురు పిల్లలు దిగితే సాయంత్రానికి నీటి మట్టం దగ్గర టైల్స్ మీద జిడ్డు చార కనిపిస్తుంది, ఫిల్టర్‌లో ఇసుక ముద్దకడుతుంది. తలంటు ఈత ముందే ముగించండి.

ప్రశ్న: ట్యాంకరు బోరు నీళ్ళతో నింపాం. హార్డ్‌నెస్ 600 వచ్చింది. టైల్స్ మీద సున్నం గీసినట్టు తెల్లటి గీత. పీహెచ్ ఎంత దించినా మూడు రోజుల్లో మళ్ళీ 8. (కాడుగోడి)

మీ నీళ్ళలో రెండు సమస్యలు జోడుగా ఉన్నాయి. కాల్షియం ఎక్కువ, ఆల్కలినిటీ కూడా ఎక్కువే అయ్యుండాలి, కొలిచి చూడండి. ఆల్కలినిటీ ఎక్కువున్న నీళ్ళలోంచి కార్బన్ డయాక్సైడ్ మెల్లగా గాల్లోకి పోతూ ఉంటుంది, అది పోయేకొద్దీ పీహెచ్ దానంతటదే లేస్తుంది. ఫౌంటెన్, జలపాతం లాంటివి ఉంటే ఇంకా త్వరగా లేస్తుంది. పీహెచ్ లేచిన కొద్దీ కాల్షియం నీళ్ళలో నిలవలేక టైల్స్ మీద, పైపుల్లో, ఫిల్టర్ ఇసుకలో గడ్డకడుతుంది.

కాబట్టి ముందు ఆల్కలినిటీ దించాలి. 40 వేల లీటర్లలో 10 పీపీఎం తగ్గడానికి 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 800 మిల్లీలీటర్లు పడుతుంది. 200 నుంచి 100కి రావాలంటే 8 లీటర్లు. ఒక్కరోజులో పోయొద్దు. పీహెచ్ 7.0 దగ్గరకి వచ్చేదాకా వేయండి, నీళ్ళు బాగా కదిలేలా పంపు తిప్పి పీహెచ్ లేచేదాకా ఆగండి, మళ్ళీ వేయండి. వారం, పది రోజుల పని. మీ నీళ్ళకు మామూలు 80 నుంచి 120 కంటే తక్కువగా, 60 నుంచి 80 మధ్య ఆల్కలినిటీ, 7.2 నుంచి 7.4 పీహెచ్ పెట్టుకుంటేనే గీత రాకుండా ఉంటుంది. క్లోరిన్ పౌడర్ మానేసి లిక్విడ్‌కు మారండి.

యాసిడ్ కొనేటప్పుడు బాత్రూం కడిగే పసుపు రంగు యాసిడ్ తేకండి. ఆ పసుపు చాలావరకు ఇనుము వల్ల, అది మీ టైల్స్ మీద మరకలు తెస్తుంది. రంగులేనిది అడగండి. వేసే పద్ధతి: ప్లాస్టిక్ బకెట్‌లో మూడొంతులు కొలను నీళ్ళు తీసుకుని అందులోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, గాలి వీపు వైపు నుంచి వీస్తుండాలి. నీళ్ళు లోపలికొచ్చే గొట్టం ముందు సన్నధారగా పోస్తూ రండి. అప్పటికే ఉన్న తెల్లగీతకు సమాన భాగాలుగా వెనిగర్, నీళ్ళు కలిపి స్పాంజితో రుద్దండి, మొండిగా ఉంటే ప్యూమిస్ రాయి. టైల్స్ గాజువైతే ప్యూమిస్ కూడా వద్దు, గీతలు పడతాయి.

హార్డ్‌నెస్‌కు మాత్రం రసాయనం లేదు, పలచన చేయడమే. వానాకాలంలో మేడ మీద నీళ్ళు మొదటి రెండు వానలు వదిలేసి, తర్వాత ఫిల్టర్ గుండా కొలనులోకి మళ్ళించుకోవచ్చు. ఎనిమిది, పది సెంటీమీటర్లు వాన నీళ్ళతో నిండినా తేడా కనిపిస్తుంది. కావేరి నీళ్ళతో నింపుదామా అని మీకు అనిపించొచ్చు. 2024 మార్చి నీటి కరువులో బెంగళూరు జలమండలి తాగునీటిని ఈత కొలనులకు వాడొద్దని ఆదేశించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. నింపే ముందు ఆ ఏడాది నిబంధన ఏమిటో కనుక్కోండి.

ప్రశ్న: కొత్తగా బోరు నీళ్ళు నింపి క్లోరిన్ వేయగానే నీళ్ళు టీ డికాషన్‌లా మారాయి. (హోస్కోటె)

ఇనుము. క్లోరిన్ తగలగానే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి బయటపడుతుంది. భయపడొద్దు, బయటపడింది కాబట్టి పట్టుకోవచ్చు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉందో లేదో చూసి, వెయ్యి లీటర్లకు 30 గ్రాముల చొప్పున, అంటే 1.2 కిలోల పటిక బకెట్ నీళ్ళలో కరిగించి కొలనంతా చల్లండి. ఊళ్ళో బిందెలో పటిక తిప్పినట్టే, ఇక్కడ బిందె పెద్దది. అరగంట పంపు తిప్పి ఆపేయండి. రాత్రంతా కదలకుండా ఉంచితే తెల్లారేసరికి గోధుమరంగు మడ్డి అడుగున పరుచుకుంటుంది. ఫిల్టర్ దగ్గర నీళ్ళ దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌ను వేస్ట్ మీద పెట్టి, వాక్యూమ్‌తో మెల్లగా, మడ్డి లేవకుండా బయటకు లాగేయండి. ఫిల్టర్ మీద పెట్టి లాగితే అదే మడ్డి ఇసుకలో ఇరుక్కుంటుంది. పటిక పీహెచ్‌నీ ఆల్కలినిటీనీ దించుతుంది, తర్వాత కొలిచి సరిచేసుకోండి. ఆల్కలినిటీ 10 పీపీఎం పెరగడానికి వంటసోడా దాదాపు 670 గ్రాములు.

ప్రశ్న: రెండు వారాలు పట్టించుకోలేదు, కొలను పచ్చగా చెరువులా అయింది. మా నాన్నగారు మైలుతుత్తం వేస్తే పాచి చస్తుందంటున్నారు. వేయొచ్చా? (యలహంక)

నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో బూజును చంపే ఆ రాగే పాచినీ చంపుతుంది. కానీ ఆ రాగి నీళ్ళలోనే ఉండిపోతుంది. పీహెచ్ పెరిగినప్పుడు గ్రౌటు మీద నీలి, బూడిదరంగు మరకలుగా దిగుతుంది, లేత రంగు జుట్టుకు పచ్చదనం పట్టిస్తుంది. క్రిములను క్లోరిన్ అంత వేగంగా చంపదు కూడా. మరక పడ్డాక వదిలించడం పాచిని వదిలించడం కంటే కష్టం. వద్దని చెప్పండి.

ఇలా చేయండి. ముందు ఆకులు, చెత్త నెట్‌తో తీసేయాలి, అవి ఉన్నంతసేపూ క్లోరిన్ వాటికే ఖర్చవుతుంది. పీహెచ్ 7.2కి దించండి. క్లోరిన్ ఎక్కువయ్యాక పీహెచ్ కిట్ సరైన అంకె చూపదు, కాబట్టి ఇది ముందే జరగాలి. తర్వాత గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనక, లైట్ల చుట్టూ గట్టిగా బ్రష్ పట్టండి. పాచి పైన జిగురు పొర ఉంటుంది, అది చిరగకపోతే లోపలికి క్లోరిన్ వెళ్ళదు.

సైన్యూరిక్ 30 నుంచి 40 మధ్య ఉంటే ఫ్రీ క్లోరిన్ 12 నుంచి 16 పీపీఎంకి తీసుకెళ్ళాలి. 12 కోసం 65 శాతం పౌడర్ 750 గ్రాములు, లేదా లిక్విడ్ 4.8 లీటర్లు. పౌడర్ అయితే పది లీటర్ల బకెట్ నీళ్ళలో 250 గ్రాములు వేసి కలపండి, పౌడర్ మీద నీళ్ళు పోయకండి. పావుగంట ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది, పై తేట మాత్రం కొలనులో పోయండి. అలా మూడు బకెట్లు. చీకటి పడ్డాక వేసి, పంపు ఆపకుండా తిప్పండి.

మర్నాడు పొద్దున్నే కొలవండి, తగ్గినంత మళ్ళీ వేయండి. మొదటి రోజు 12 వేస్తే పొద్దుటికి 3 చూపించి కంగారు పడేవాళ్ళు చాలామంది. అది పనిచేస్తోందనడానికి గుర్తు. చాలామంది ఇక్కడే ఒక్కరోజు వేసి ఆపేస్తారు, వారం తిరిగేసరికి మళ్ళీ పచ్చదనం. రాత్రి కొలిచిన దానికీ తెల్లవారుజామున కొలిచిన దానికీ మధ్య తేడా 1 పీపీఎం లోపుకి వచ్చేదాకా ఆపొద్దు. మూడు నుంచి ఆరు రోజులు పట్టొచ్చు. మధ్యలో నీళ్ళు పచ్చ నుంచి బూడిదరంగు పాలలా మారతాయి, అది చచ్చిన పాచి. అప్పుడు ఫిల్టర్ ప్రెషర్ గంటల్లో ఎక్కేస్తుంది, నీళ్ళను వెనక్కి తిప్పి ఫిల్టర్ ఇసుకను కడిగే బ్యాక్‌వాష్ రోజుకు రెండుసార్లైనా చేయాల్సి రావొచ్చు. అడుగున డ్రైను మూత స్క్రూలు స్పష్టంగా కనబడి, ఫ్రీ క్లోరిన్ 4 లోపుకి దిగాకే ఈత.

ప్రశ్న: బ్యాక్‌వాష్ ఎప్పుడు, ఎలా? మా మల్టీపోర్ట్ హ్యాండిల్ తిప్పగానే లోపల టక్‌మని చప్పుడొచ్చి అప్పటి నుంచీ డ్రైన్ పైపులో నీళ్ళు కారుతూనే ఉన్నాయి. (హెబ్బాళ్)

పంపు తిరుగుతుండగా హ్యాండిల్ తిప్పారు. వాల్వ్ లోపల సైకిల్ చక్రం ఊచల్లా ఉండే రబ్బరు గాస్కెట్ ఉంటుంది. నీటి ఒత్తిడిలో తిప్పితే అది గాడిలోంచి లేచి చిరుగుతుంది, ఫిల్టర్ మీద పెట్టినా నీళ్ళు వేస్ట్ పైపులోకి పోతుంటాయి. వాల్వ్ మొత్తం మార్చాలనే మాట వింటే ఒప్పుకోకండి. మోడల్ నంబరు చూపిస్తే ఎస్‌జేపీ రోడ్డు లాంటి హార్డ్‌వేర్ బజార్లలో గాస్కెట్ విడిగా దొరకొచ్చు. పై మూత బోల్టులు విప్పే ముందు మూతకూ బాడీకీ కలిపి మార్కర్‌తో గీత గీయండి, లేకపోతే బిగించేటప్పుడు దిక్కు తెలియదు.

ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్‌లో ముల్లు ఎక్కడుందో స్టిక్కర్ అంటించండి, చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోలు అనుకుందాం. అది 1.3కి చేరినప్పుడు బ్యాక్‌వాష్. తేదీ చూసి చేయకండి. కొంచెం మురికి పట్టిన ఇసుకే సన్నటి దుమ్మును బాగా ఆపుతుంది, రోజూ కడిగితే నీళ్ళు దండగ, తేటా రాదు. పంపు ఆపండి, హ్యాండిల్ నొక్కి బ్యాక్‌వాష్‌కి తిప్పండి, పంపు వేయండి, పక్కనున్న గాజు బుడ్డిలో నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు. మళ్ళీ పంపు ఆపి రిన్స్, ఒక నిమిషం. మళ్ళీ ఆపి ఫిల్టర్. రిన్స్ వదిలేస్తే వాల్వ్‌లో మిగిలిన మురికి నేరుగా కొలనులోకి వస్తుంది. ఒక బ్యాక్‌వాష్‌కి 500 లీటర్ల దాకా పోతాయి, డ్రమ్ములో పట్టి రెండు రోజులు ఎండలో ఉంచి చెట్లకు పోసుకోవచ్చు.

ప్రెషర్ పెరగకుండా తగ్గితే తప్పు ఇసుకలో లేదు, పంపు ముందున్న బుట్ట నిండటమో, పంపు మూత ఓ-రింగ్ దగ్గర గాలి పీల్చడమో. కొలను అడుగున ఫిల్టర్ ఇసుకే కనబడుతుంటే లోపలి లాటరల్ పైపు విరిగింది.

ప్రశ్న: రోజూ నీళ్ళు తగ్గుతున్నాయి. లీకేజా, ఆవిరా? (బన్నేరుఘట్ట రోడ్డు)

బకెట్ పరీక్ష చేయండి. బకెట్‌ను మెట్టు మీద, మూడొంతులు మునిగేలా పెట్టి, లోపల రాయి వేసి, కొలను మట్టానికి సమానంగా నీళ్ళు పోయండి. లోపలా బయటా టేపు అంటించి 24 గంటలు వదిలేయండి, ఆ రోజు ఎవరూ దిగకూడదు. రెండూ సమానంగా తగ్గితే ఆవిరే. ఎండాకాలంలో రోజుకు 4 నుంచి 6 మిల్లీమీటర్లు మామూలే, మీ కొలనులో ఒక్కో మిల్లీమీటరుకు 32 లీటర్లు. బయట ఎక్కువ తగ్గితే లీకు. పరీక్ష ఒకసారి పంపు వేసి, ఒకసారి ఆపి చేయండి. పంపు వేసినప్పుడే ఎక్కువ తగ్గితే నీళ్ళు తిరిగొచ్చే పైపులో, రెండుసార్లూ ఒకేలా ఉంటే గోడలో లేదా లైటు చుట్టూ.

ప్రశ్న: సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తాం. నీళ్ళు తీసేసి వెళ్ళొచ్చా? (దేవనహళ్ళి)

వద్దు. ఖాళీ కొలనులో టైల్స్ ఎండకు లేస్తాయి, భూగర్భ నీటిమట్టం పైకుంటే అడుగు నుంచి తోసి పగుళ్ళూ రావొచ్చు. మూల మిగిలిన జానెడు నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి. వెళ్ళే ముందు రోజు బ్రష్, వాక్యూమ్, బ్యాక్‌వాష్ ముగించి, ఫ్రీ క్లోరిన్ 5కి పెంచి, తేలే డబ్బాలో 200 గ్రాముల టాబ్లెట్లు రెండు మూడు వేసి వదలండి. పట్టా కప్పండి. టాబ్లెట్లను స్కిమ్మర్‌లో మాత్రం వేయకండి, పంపు ఆగినప్పుడు అక్కడ నిలిచిన ఆమ్లపు నీళ్ళు పంపు లోపలి భాగాలను తినేస్తాయి. పంపు టైమర్ తిరిగే ముల్లు రకమైతే, కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది, వారంలో టైములన్నీ జరిగిపోతాయి. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టుకోండి.

ప్రశ్న: చిన్నపిల్లలున్న ఇల్లు. ఏ జాగ్రత్తలు ముఖ్యం? (ఎలక్ట్రానిక్ సిటీ)

నాలుగు వైపులా నాలుగడుగుల కంచె, పిల్లలు ఎక్కే అడ్డకమ్మీలు లేకుండా. గేటు బయటికి తెరుచుకుని దానంతటదే మూసుకోవాలి, గడియ పైన ఉండాలి. ఆట అయ్యాక బంతులు, బొమ్మలు నీళ్ళలో వదలకండి, వాటికోసమే పిల్లలు వంగుతారు. అడుగు డ్రైన్లు రెండుండాలి. మూత విరిగి ఉంటే ఆ రోజు పంపు కూడా వేయకండి, లాగే గొట్టానికి పొడవాటి జుట్టు చిక్కుకుంటే విడిపించడం కష్టం. పంపు, లైట్ల లైనుకు షాక్ తగలకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, నెలకోసారి దాని టెస్ట్ మీట నొక్కి పడుతోందో లేదో చూడండి. నీళ్ళలో లైట్లు 12 వోల్టులవే ఉండాలి.

ప్రశ్న: నిన్న బాగా క్లోరిన్ వేశాను. ఇవాళ డీపీడీ గోళీ వేస్తే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. క్లోరిన్ లేదనుకుని ఇంకో అరకిలో వేయబోతున్నాను. (కె.ఆర్. పురం)

ఆగండి. క్లోరిన్ 10 పీపీఎం దాటితే అది ఆ రంగునే తినేస్తుంది, తెల్ల నీళ్ళే మిగులుతాయి. పీహెచ్ చుక్కలు కూడా అప్పుడు ఊదారంగు చూపించి పీహెచ్ పెరిగిందన్న భ్రమ కలిగిస్తాయి, యాసిడ్ పోయకండి. ఒక వంతు కొలను నీళ్ళకు నాలుగు వంతులు ఆర్వో నీళ్ళు కలిపి అందులో గోళీ వేయండి. వచ్చిన అంకెను ఐదుతో గుణిస్తే అసలు క్లోరిన్ తెలుస్తుంది. 15 వస్తే పట్టా తీసేసి రెండు రోజులు ఎండ తగలనివ్వండి, దానంతటదే దిగుతుంది.